అక్కర లేని పొగరాని తుపాకీ మందును వదిలించుకోవడం: ఏ మార్గం ఎవరికి తగినది

తూటాలను స్వయంగా నింపుకునే అలవాటు ఉన్న మనిషి ఆ అలవాటు మానేసినా, కాలం చేసినా, ఆయన పనిబల్ల కింద రెండు మూడు మందు డబ్బాలు మిగిలిపోతాయి. వాటిని చెత్తబుట్టలో వేయడానికి ఇంట్లోవాళ్లకు చెయ్యి రాదు, అలాగే ఉంచుకోవడానికి మనసొప్పదు. అడిగినవాళ్లలో ఒకరు పెరట్లో పోసి కాల్చేయమంటారు, మరొకరు మొక్కలకు ఎరువుగా చల్లమంటారు, ఇంకొకరు నీళ్లలో కలిపి పారబోయమంటారు. ఈ మూడు సలహాల్లో ఒకటి కొన్ని కచ్చితమైన షరతులకు లోబడి మాత్రమే సరైనది, ఒకటి సగం నిజం, మూడవది పూర్తిగా పొరపాటు. ఏ సలహా ఏ కోవకు చెందుతుందో, ఎవరికి ఏ మార్గం నప్పుతుందో వివరంగా చెప్పడం ఈ వ్యాసం పని.

ముందుగా పేర్ల దగ్గర గందరగోళం లేకుండా చూసుకోవాలి. తుపాకీ మందు అనగానే చాలామందికి సురేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరిన పాత తరహా మందు గుర్తుకొస్తుంది. తెలుగులో నల్లమందు అంటే వేరే పదార్థం కాబట్టి ఆ పాత మందును ఇక్కడ బ్లాక్ పౌడర్ అనే అంటాను. మన విషయం అది కాదు. పొగరాని మందుకు ఆధారం నైట్రోసెల్యులోజ్, అంటే నైట్రిక్ ఆమ్లంతో మార్పు చెందిన దూది లేదా కలపనార. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే దీన్ని తుపాకులకు పనికొచ్చే రూపానికి తెచ్చారు. నైట్రోసెల్యులోజ్ ఒక్కటే ఆధారమైతే సింగిల్ బేస్ అంటారు, దానికి నైట్రోగ్లిజరిన్ తోడైతే డబుల్ బేస్ అంటారు. బ్లాక్ పౌడర్‌ను నీళ్లలో వేస్తే సురేకారం కరిగిపోయి మందు శక్తి పోతుంది. పొగరాని మందు నీళ్లలో కరగదు, తడిసినంతసేపు అంటుకోకపోయినా ఆరాక మళ్లీ అంటుకుంటుంది. నీళ్లలో కలిపి పారబోయమనే సలహా బ్లాక్ పౌడర్ కాలం నుంచి వచ్చి, తెలియక దీనికీ అతుక్కుపోయింది.

ఎంపికకు ముందు తేల్చుకోవలసినవి

మార్గాన్ని ఎంచుకునే ముందు అయిదు ప్రశ్నలకు జవాబు కావాలి: మందు మంచి స్థితిలో ఉందా, అది ఏ మందో నిస్సందేహంగా తెలుసా, ఎంత ఉంది, మీ చుట్టూ ఎలాంటి స్థలం ఉంది, మీ ప్రాంతపు చట్టం ఏమంటుంది. వీటిలో మొదటిదే మిగతా అన్నిటినీ శాసిస్తుంది కాబట్టి దాని దగ్గర కొంతసేపు ఆగాలి.

నైట్రోసెల్యులోజ్ తయారైన రోజు నుంచే అతి నెమ్మదిగా విడిపోతూ నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతుంది. ఆ ఆక్సైడ్లు తేమతో కలిసి ఆమ్లాలవుతాయి, ఆ ఆమ్లాలు మిగిలిన మందును మరింత వేగంగా విడదీస్తాయి. ఈ గొలుసును ఆపడానికే తయారీలో డైఫినైలమీన్ వంటి స్థిరీకరణ పదార్థాన్ని ఒక శాతానికి అటూ ఇటూగా కలుపుతారు. పుట్టిన ఆక్సైడ్లను అది పట్టేసుకుంటుంది. చల్లగా, పొడిగా ఉన్న చోట మందు దశాబ్దాల పాటు నిలవడం, ఎండకు కాలే రేకుల షెడ్డులో కొన్నేళ్లకే పాడవడం ఆ పదార్థం ఎంత త్వరగా ఖర్చయిపోయిందన్న దాని మీదే ఆధారపడి ఉంటాయి. ఖర్చయిపోయాక మందు తనలో తాను వేడెక్కడం మొదలుపెడుతుంది, వేడి బయటికి పోయే దారి లేనంత పెద్ద రాశి అయితే నిప్పు తగలకుండానే అంటుకునే ప్రమాదం ఉంది. 1907లో ఇయెనా, 1911లో లిబెర్తే అనే ఫ్రెంచి యుద్ధనౌకలు తూలోన్ రేవులో పేలిపోయినప్పుడు వేళ్లన్నీ చూపింది వాటి గదుల్లో నిలవున్న ఇలాంటి చెడిపోయిన మందు వైపే.

ఇంట్లో ఉన్న డబ్బాను పరీక్షించడానికి ప్రయోగశాల అక్కర్లేదు, కళ్లూ ముక్కూ చాలు. గాలి ఆడే చోట, దగ్గర్లో పొయ్యి గానీ సిగరెట్టు గానీ లేకుండా మూత తిప్పండి. డబ్బాను ముక్కుకు ఆనించి పీల్చకుండా, అరచేత్తో ఆ గాలిని ముఖం వైపు విసురుకోండి. మంచి మందు నుంచి ఈథర్‌నో స్పిరిట్‌నో తలపించే తేలికపాటి వాసన వస్తుంది. చెడిన మందు వాసన ముక్కు పుటాలను గిచ్చుతుంది, ఆమ్లం సీసా మూత తీసినప్పటి పులుపు ఘాటు అందులో ఉంటుంది. తర్వాత ఒక చెంచాడు మందును తెల్ల కాగితం మీద పోసి చూడండి. రేకులుగానో, సన్నని కడ్డీ ముక్కలుగానో, గుండ్రని పలుకులుగానో ఉన్న గింజల మధ్య తుప్పు రజను లాంటి ఎర్రమట్టి రంగు పొడి కనిపిస్తే ఆ మందు పాడయినట్టే. రేకు డబ్బా అయితే మూత లోపలి అంచునూ చూడండి. బయట తుప్పు పట్టడానికి గదిలోని తేమ చాలు గానీ, లోపలి అంచు తుప్పుపట్టి ఉంటే లోపలినుంచి ఆమ్లపు ఆవిరి పనిచేసిందని అర్థం.

మూత తీయగానే గోధుమ ఎరుపు ఆవిరి లేచినా, డబ్బా చేతికి వెచ్చగా తగిలినా అక్కడితో పరీక్ష ఆపేయాలి. దాన్ని మరో చోటికి మోసుకెళ్లే ప్రయత్నం చేయకుండా గదిలోంచి అందరినీ బయటికి పంపి అగ్నిమాపక శాఖకు ఫోన్ చేయడం తప్ప మీరు చేయవలసింది మరేదీ లేదు. కింద చెప్పిన ఎంపికలేవీ ఆ స్థితికి వర్తించవు.

రెండవ ప్రశ్న, అది ఏ మందు అన్నది. తయారీదారు ముద్ర, పేరు, సంఖ్య ఉన్న అసలు డబ్బాలో ఉండి, మరొకటి కలవలేదని నమ్మకంగా చెప్పగలిగితేనే ఆ మందు తెలిసినట్టు. గింజ ఆకారాన్ని బట్టి, రంగును బట్టి పోల్చుకోవడం అనుభవం ఉన్నవాళ్లకు కూడా సాధ్యం కాదు, ఎందుకంటే చూడ్డానికి ఒకేలా ఉండే రెండు మందులు కాలే వేగంలో ఎంతో తేడాగా ఉండవచ్చు. పిస్తోలు కోసం చేసిన వేగపు మందును రైఫిల్ తూటాలో నింపితే తుపాకీ గొట్టమే చీలిపోతుంది. హార్లిక్స్ సీసాలోనో మూత ఉన్న గాజు జాడీలోనో ఉన్న మందు ఎంత తాజాగా కనిపించినా, దాన్ని వాడుకలోకి తిరిగి పంపే మార్గం మూసుకుపోయినట్టే.

మిగతా మూడింటికి ఇంత వివరణ అక్కర్లేదు. అరకిలో లోపు ఉన్న మందుకూ, అయిదారు కిలోలకు మించినదానికీ ఒకే పద్ధతి పనికిరాదు. అపార్ట్‌మెంటులో ఉండేవారికీ, సొంత పొలం మధ్య ఉండేవారికీ ఎంపికలు వేరు. చట్టమైతే దేశం దేశానికీ మారుతుంది: కొన్ని చోట్ల ఈ మందు లైసెన్సు లేకుండా ఇంట్లో ఉండడమే నేరం, కొన్ని చోట్ల కొంత పరిమాణం వరకు అనుమతి ఉంది, బహిరంగంగా దేన్నైనా కాల్చడం నిషిద్ధమైన చోట్లూ ఉన్నాయి. కాబట్టి స్థానిక అధికారులను అడగడం అన్ని మార్గాలకూ ముందుమెట్టు.

మొదటి మార్గం: వాడుకునే అర్హత ఉన్నవారికి ఇవ్వడం

మందు మంచిదై, అసలు డబ్బాలో ఉండి, వీలైతే సీలు కూడా తెరవకుండా ఉంటే, చట్టప్రకారం దాన్ని కలిగి ఉండగల వ్యక్తికో, షూటింగ్ క్లబ్బుకో, లైసెన్సు ఉన్న తుపాకుల వ్యాపారికో అప్పగించడం అన్నిటికన్నా మేలైన మార్గం. దేన్నీ తగలబెట్టనక్కరలేదు, నేల మీద ఏమీ పోయనక్కరలేదు. ఆ వస్తువు దేనికోసం తయారైందో ఆ పనికే చేరుతుంది.

దీని లోటు బాధ్యతకు సంబంధించినది. సీలు తెరిచిన డబ్బాను తీసుకోవడానికి అనుభవజ్ఞులు వెనుకాడతారు, వారి జాగ్రత్త సబబైనదే. అసలు డబ్బాలో మరో మందును పోసి ఉంచే దురలవాటు కొందరికి ఉంటుంది, అది ఇవ్వజూపిన కుటుంబానికే తెలిసి ఉండదు. అందుకే ఇచ్చేటప్పుడు డబ్బా ఎప్పుడు తెరిచారో, ఎక్కడ నిలవ ఉందో తెలిసినంత మేరకు నిజాయితీగా చెప్పండి, తెలియనిది తెలియదనే చెప్పండి. తీసుకున్నవారు దాన్ని వాడకుండా పారవేయడానికే నిశ్చయించుకున్నా మీ పని నెరవేరినట్టే. పోస్టులోనో కొరియర్లోనో పంపాలనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి, ప్రమాదకర సరుకుల నిబంధనలను మామూలు పార్సెలు పాటించలేదు.

రెండవ మార్గం: పోలీసులకు, అగ్నిమాపక శాఖకు అప్పగించడం

నా అభిప్రాయంలో, తుపాకుల సంగతి తెలియని ఇంటికి ఇదే మొదటి ఎంపిక కావాలి. మందు మంచిదో చెడ్డదో, ఏ రకమో తెలియనవసరం లేని మార్గం ఇదొక్కటే. పేలుడు పదార్థాలను నిర్వీర్యం చేసే బృందాలు చాలా దేశాల్లో పోలీసు శాఖకో సైన్యానికో అనుబంధంగా ఉంటాయి. వారికి ఇది అరుదైన విషయమేమీ కాదు.

ఇక్కడ జనం చేసే తప్పు ఒకటుంది. ముందుగా చెప్పకుండా డబ్బాను సంచిలో పెట్టుకుని నేరుగా పోలీసు స్టేషన్‌కు వెళ్లిపోతారు. అలా వెళితే దారిలో మీకూ ప్రమాదం, అక్కడ కౌంటరు దగ్గర కూర్చున్నవారికీ ప్రమాదం. ముందు ఫోన్ చేయండి. ఎన్ని డబ్బాలు, సుమారు ఎంత బరువు, అసలు డబ్బాలా కాదా, వాసన గానీ ఎర్ర పొడి గానీ ఉందా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని చెప్పండి. తెమ్మంటారో, తామే వస్తామంటారో వాళ్లనే నిర్ణయించనివ్వండి. వాళ్లు వచ్చేదాకా డబ్బాను ఉన్నచోటే ఉంచి, పిల్లలను ఆ వైపు పోనివ్వకండి.

కొందరికి ఉండే సంకోచం నాకు అర్థమవుతుంది. లైసెన్సు ఎవరి పేరున ఉందో, గడువు ఎప్పుడు ముగిసిందో తెలియనప్పుడు పోలీసులను పిలవడమంటే కోరి చిక్కులు తెచ్చుకోవడమనిపిస్తుంది. ఆ భయం ఉంటే ముందుగా ఒక న్యాయవాదితో మాట్లాడి, ఆయన ద్వారానే కబురు పంపవచ్చు. భయంతో మందును మరో పదేళ్లు అటక మీద వదిలేయడం వల్ల చిక్కు తగ్గదు, మందు మరింత పాతబడుతుంది.

మూడవ మార్గం: ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు, అనుమతి ఉన్న సంస్థలు

పాత పెయింట్లు, పురుగుమందులు, బ్యాటరీలు తీసుకునే కేంద్రాలు ఉన్న ఊళ్లలో అందరికీ మొదట తోచేది అక్కడికి తీసుకెళ్లడమే. అయితే అలాంటి కేంద్రాలు చాలావరకు పేలుడు స్వభావం ఉన్నవాటిని తీసుకోవు. అడగకుండా తీసుకెళితే వెనక్కి మోసుకురావలసి వస్తుంది. తీసుకునే చోట కూడా ఫలానా రోజున, ఫలానా పరిమాణం మేరకు అనే నియమాలు ఉంటాయి.

పేలుడు వ్యర్థాలను నాశనం చేయడానికి అనుమతి ఉన్న ప్రైవేటు సంస్థల సంగతి వేరు. వారు రుసుము తీసుకుంటారు, రశీదు ఇస్తారు, రవాణా బాధ్యత కూడా వారిదే. ఒకటి రెండు డబ్బాల కోసం ఇంత ఖర్చు సమంజసం అనిపించకపోవచ్చు. క్లబ్బు గిడ్డంగి ఖాళీ చేయాలన్నా, మూతపడిన దుకాణపు సరుకు తీసేయాలన్నా ఇంతకంటే గౌరవప్రదమైన దారి లేదు.

నాలుగవ మార్గం: ఆరుబయట కొద్దికొద్దిగా కాల్చడం

అమెరికాలో 1926లో ఏర్పడిన తుపాకులు, తూటాల తయారీదారుల ప్రమాణాల సంస్థ, క్లుప్తంగా సామీ, చెడిన మందుకు చాలాకాలంగా సూచిస్తూ వచ్చిన పద్ధతి ఇది. అందుకే అనుభవజ్ఞులు దీన్ని తేలికగా సిఫారసు చేస్తారు. ఆ సిఫారసుతో పాటు రావలసిన షరతులు మాత్రం నోటి మాటలో రాలిపోతుంటాయి. మందు లోతు 2.5 సెంటీమీటర్లకు మించకూడదు. ఒక పోతలో ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాములు దాటకూడదు. ఇళ్లకూ, చెట్లకూ దూరంగా విడిగా ఉన్న చోటే కాల్చాలి. అగ్గిపుల్లను నేరుగా మందుకు తాకించకుండా, నెమ్మదిగా కాలే వస్తువుతో వత్తిలాంటి దారి వేసి, మంట మందును చేరేలోపు మనిషి దూరంగా వెళ్లిపోగలిగేలా చూడాలి.

ప్రతి షరతు వెనుకా ఒక కారణం ఉంది. ఈ మందు మండడానికి బయటి గాలి అక్కర్లేదు, కావలసిన ఆక్సిజన్ దాని అణువులోనే ఉంది. పలచగా పరిచినప్పుడు పుట్టిన వాయువు పైకి పోయి, మందు బుస్సుమనే శబ్దంతో నిలువెత్తు పసుపు మంటగా కొన్ని క్షణాల్లో అయిపోతుంది. అదే మందును లోతైన కుప్పగా పోసినా, డబ్బాలోనే ఉంచి కాల్చినా, వాయువు పోయే దారి తగ్గి పీడనం పెరుగుతుంది, పీడనం పెరిగేకొద్దీ కాలే వేగమూ పెరుగుతుంది. తుపాకీ లోపల జరగవలసిన పని పెరట్లో జరుగుతుంది. అసలు డబ్బాలను కొద్ది పీడనానికే విడిపోయేలా బలహీనంగా తయారుచేయడానికీ ఇదే కారణం. గట్టిగా ఉందని ఇనుప పెట్టెలోకో గాజు సీసాలోకో మందును మార్చడం మంచి చేయబోయి చెడు చేయడమే.

స్థలం, చట్టం రెండూ అనుకూలించి, మందు ఆవిర్లు చిమ్మే దశలో లేనప్పుడు ఈ దారి ఎంచుకుంటే, గడ్డి లేని మట్టి నేలను చూసుకోండి. గాలి నిలకడగా, మెల్లగా ఉన్న రోజున, కుప్పలా కాకుండా సన్నని పొడవాటి చారలా పోయండి. మిగిలిన డబ్బా మూత బిగించి, నిప్పురవ్వ చేరనంత దూరంలో ముందే పెట్టి రండి. గాలి మీ వీపు వైపు నుంచి మందు వైపు వీచేలా నిలబడండి. నైలాన్, పాలియెస్టర్ బట్టలు కాకుండా నూలు బట్టలు కట్టుకోండి. పెట్రోలు, కిరోసిన్ చుక్క కూడా వద్దు. ఒక పోత కాలిన చోట రెండవది పోయకూడదు. నేలలో దాగిన నిప్పు కణం ఒకటి చాలు, చేతిలోని డబ్బాతో సహా అంటుకోవడానికి. పొగరానిదని పేరే గానీ, ఆరుబయట కాలేటప్పుడు దీని నుంచి ఊపిరితిత్తులకు హానిచేసే నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి కాబట్టి ఆ వైపు గాలి పీల్చకండి. ఇసుక చల్లో, దుప్పటి కప్పో ఈ మంటను ఆపలేరు. పక్కన ఉంచుకున్న నీళ్లు చుట్టుపక్కలకు పాకిన మంట కోసమే.

ఈ మార్గానికి కనిపించని లోటు మరొకటి ఉంది. కొన్ని మందుల్లో డైనైట్రోటోలుయిన్ వంటి విషపదార్థాలు ఉంటాయి, అసంపూర్ణంగా కాలితే వాటి అవశేషం నేల మీద మిగులుతుంది. పెద్ద ఎత్తున ఇది ఎంత వివాదమవుతుందో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, క్యాంప్ మిండెన్ అనే సైనిక స్థలంలో కనిపించింది. 2012 అక్టోబరులో అక్కడ పేలుడు జరిగాక, సుమారు 6,800 టన్నుల ఎం6 అనే ఫిరంగి మందు సరైన నిలవ ఏర్పాట్లు లేకుండా పడి ఉన్నట్టు బయటపడింది. దాన్ని ఆరుబయట కాల్చాలన్న తొలి ప్రణాళికను చుట్టుపక్కల జనం గట్టిగా వ్యతిరేకించారు. చివరికి పొగను శుద్ధిచేసే మూసిన గదిలో కాల్చి, 2017లో పని ముగించారు. మీ దగ్గరున్న అరకిలోను దానితో పోల్చలేం, నిజమే. అయినా బావి పక్కన, కూరగాయల మడి పక్కన, పిల్లలు ఆడుకునే చోట కాల్చకపోవడానికి ఆ ఉదాహరణ చాలు.

అయిదవ మార్గం: నేల మీద చల్లడం

మందులో నత్రజని ఉంది కాబట్టి మొక్కలకు ఎరువవుతుందనేది తూటాలు నింపుకునేవారిలో పాతుకుపోయిన మాట. నైట్రోసెల్యులోజ్‌లో బరువు ప్రకారం 12 నుంచి 13 శాతం నత్రజని ఉన్న మాట వాస్తవమే. కానీ అది యూరియాలోని నత్రజనిలా నీళ్లలో కరిగి వేళ్లకు అందేది కాదు. కరగని పోగుకు రసాయనికంగా అతుక్కుని ఉంటుంది, నేలలోని సూక్ష్మజీవులు దాన్ని విడదీయడానికి చాలా కాలం పడుతుంది. ఆలోపు గింజలు గడ్డిలో అలాగే పడి ఉంటాయి. ఎండ కాసిన రోజున ఒక నిప్పురవ్వ చాలు. డబుల్ బేస్ మందైతే రక్తపోటును పడగొట్టే నైట్రోగ్లిజరిన్‌ను కుక్కో దూడో నాకే అవకాశమూ ఉంటుంది.

గుప్పెడు మందును విశాలమైన నేల మీద విడివిడిగా రాలేలా చల్లితే పెద్ద ప్రమాదం జరగదని వాదించేవారితో నేను గట్టిగా తగువులాడను. అయితే దాన్ని ఎరువు అనడం సరికాదు, డబ్బా మొత్తానికి ఆ పద్ధతి వాడడం అంతకంటే సరికాదు.

మార్గాలు కానివి

చెత్తబుట్టలో వేస్తే ఆ డబ్బా చెత్తను నొక్కి కుదించే లారీలోకి చేరుతుంది. అక్కడ దెబ్బ తినేది మీరు కాదు, ముఖం కూడా తెలియని పారిశుద్ధ్య కార్మికుడు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే పద్ధతి ఇదే. మురుగు కాలువలో పోస్తే మందు కరగకుండా మలుపుల్లో పేరుకుని, నీరు తగ్గినప్పుడు ఎండుతుంది. పాతిపెడితే సమస్య పలుగు పట్టుకుని తవ్వే మరొకరికి బదిలీ అవుతుంది. పొయ్యిలో, బాయిలర్లో, డ్రమ్ములో కాల్చడమంటే మూసిన చోట కాల్చడమే. నీళ్లలో నానబెట్టడం తాత్కాలికంగా అంటుకోకుండా చేస్తుంది. పరిశ్రమల్లో నైట్రోసెల్యులోజ్‌ను కనీసం 25 శాతం నీటితో తడిపి రవాణా చేసే పద్ధతి కూడా ఉంది. అయినా అది రవాణా జాగ్రత్తే తప్ప నాశనం చేసే మార్గం కాదు. మీ దగ్గరికి వచ్చే బృందం ఫోన్లో చెబితేనే ఆ పని చేయండి.

నింపిన తూటాలు, ప్రైమర్లు (తూటా అడుగున ఉండి, దెబ్బ తగలగానే మందును అంటించే చిన్న మూతలు) ఈ వ్యాసం పరిధిలోకి రావు. వాటిని విప్పి మందు తీయకండి, మంటలో వేయకండి, విడిగా రెండవ మార్గంలో అప్పగించండి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| మార్గం | ఏ స్థితిలోని మందుకు | ఎంత పరిమాణానికి | మీకు కావలసినది | ప్రధాన లోటు |
|---|---|---|---|---|
| అర్హులకు ఇవ్వడం | మంచిది, అసలు డబ్బాలోది మాత్రమే | ఎంతైనా, చట్టపు పరిమితి మేరకు | నమ్మకమైన, అర్హత ఉన్న వ్యక్తి | సీలు తెరిచినది తీసుకోకపోవచ్చు |
| పోలీసు, అగ్నిమాపక శాఖ | ఏదైనా, తెలియనిదైనా | ఎంతైనా | ఒక ఫోన్, కొంత ఓపిక | పత్రాల గురించి ప్రశ్నలు రావచ్చు |
| అనుమతి ఉన్న వ్యర్థాల సంస్థ | ఏదైనా. ఆవిర్లు వస్తుంటే కాదు | ఎక్కువ పరిమాణానికి అనువైనది | రుసుము, ముందస్తు ఒప్పందం | కొద్ది మందుకు ఖర్చు ఎక్కువ |
| ఆరుబయట కాల్చడం | చెడినది. ఆవిర్లు వస్తుంటే కాదు | పోతకు 450 గ్రాముల లోపు | ఖాళీ స్థలం, అనుమతి, అనుభవం | కాలిన గాయాలు, నేల కాలుష్యం |
| నేల మీద చల్లడం | మంచిది | గుప్పెడుకు మించకుండా | విశాలమైన నేల | ఎరువు కాదు, ఆలస్యంగా విడిపోతుంది |

ఎవరికి ఏది

పెద్దవారు పోయాక ఆ గదిని ఖాళీ చేస్తున్న కుటుంబం గురించే నాకు ఎక్కువ ఆందోళన. దుఃఖంలో ఉన్నవాళ్లు త్వరగా ముగించాలనుకుంటారు, ఆ తొందరలో అన్ని డబ్బాలనూ ఒకే సంచిలో వేస్తారు, సగం సగం ఉన్నవాటిని ఒకదాంట్లో పోసి కలిపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కలిపిన క్షణం నుంచి మంచి మందు కూడా ఏమిటో తెలియని మందైపోతుంది, ఎవరికీ ఇవ్వడానికి పనికిరాదు. డబ్బాలను ఉన్నచోటే ఉంచి ఫొటోలు తీసుకోండి, గదికి తాళం వేయండి, పోలీసులకో అగ్నిమాపక శాఖకో ఫోన్ చేయండి. ఆయన స్నేహితుల్లో తూటాలు నింపుకునేవారు ఎవరైనా ఉంటే పక్కన నిలబడి చూడమనండి. సీలు ఉన్న డబ్బాలను ఆయనకు ఇవ్వవచ్చో లేదో వచ్చిన అధికారినే అడగండి.

స్వయంగా తూటాలు నింపుకునేవారు, ఒక్క పాత డబ్బా మీదే అనుమానం ఉన్నవారు ఎక్కువగా నాలుగవ మార్గం వైపు మొగ్గుతారు. స్థలం, అనుమతి ఉంటే అది సబబే. అనుమానమున్న మందును తక్కువ కొలతతో వాడి ఖర్చు చేసేద్దామనే ఆలోచన మాత్రం సబబు కాదు. చెడిన మందు ఎంత పీడనమిస్తుందో ఏ పట్టికా చెప్పదు, అందులోని ఆమ్లం నింపిన తూటా ఇత్తడి గుల్లను లోపలినుంచే తినేస్తుంది.

అపార్ట్‌మెంటులో ఉండేవారికి కాల్చడం, చల్లడం రెండూ లేనట్టే. బాల్కనీలో చెంచాడు మందు కాల్చి చూడడం కూడా వద్దు. వారికి మిగిలేవి మొదటి రెండు మార్గాలే, ఆ రెంటిలో ఏది త్వరగా కుదిరితే అదే మంచిది.

పొలం ఉన్నవారికి స్థలం ఉంది కదా అనే ధైర్యం ఎక్కువ. పంట కోసిన తర్వాతి ఎండు మోళ్లు, గడ్డివాము, పశువులు, బావి, ఇవన్నీ లెక్కలోకి తీసుకుంటే కాల్చదగిన చోటు అనుకున్నంత పెద్దది కాదని తెలుస్తుంది. అరకిలోకు మించి ఉంటే పొలం ఉన్నవారు కూడా ఫోన్ చేయడమే మేలు, ఎందుకంటే పోత మీద పోత కాలుస్తూ పోతే మూడో నాలుగో విడతకి మనిషి జాగ్రత్త సడలుతుంది.

క్లబ్బులకు, దుకాణాలకు మూడవ మార్గమే దారి. ఏ డబ్బా ఏ తేదీన కొన్నారో రాసి, పాతవి ముందు వాడుకునే పద్ధతి పెట్టుకుంటే ఆ ఖర్చు తరచుగా రాదు.

ఖాళీ డబ్బా సంగతి

మందు పోయినా డబ్బా మిగులుతుంది. అడుగున, మూత మరల్లో ఇరుక్కున్న గింజలు లేకుండా బోర్లించి తట్టి, నీళ్లతో కడగండి. కడిగిన నీటిని కాలువలో వంపకుండా పాత గుడ్డలో వడకట్టండి. గుడ్డకు అంటిన గింజలు ఆరకముందే, ఆ తడిగుడ్డను మందును అప్పగించే చోటే అప్పగించండి. డబ్బా మీది ముద్రను పూర్తిగా గీకివేయండి, లేదా నల్ల రంగు పూయండి. అది ఎంత గట్టిగా, ముచ్చటగా ఉన్నా మేకులకో, పప్పుకో, మరో మందుకో వాడకుండా రెండు ముక్కలుగా కోసి పారేయండి.